హనుమాండ్లు సార్ సైకిల్ చక్రం

హనుమాండ్లు ఆరో క్లిప్పును చక్రానికి పెట్టి, ఏడో దానికోసం జేబులో వెతికాడు. బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పులే అవి. ఒక్కోదానికి ఒక అట్టముక్క, దాని మీద గుండ్రటి అక్షరాలతో ఒక చిన్న ఇంగ్లీషు మాట: అప్, ఆన్, ఆఫ్, డౌన్, ఓవర్, త్రూ, అవే, అలాంగ్. నడుమ ఇరుసు దగ్గర మాత్రం పెద్ద అట్ట. ఇవాళ్టి పాఠం ‘గెట్’. ఎనిమిదీ స్పోకులకు కుదిరాక, గోడకు బిగించిన చెక్క గాడిలో ఇరుసును కూర్చోబెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. చక్రం కిర్రుకిర్రుమంటూ తిరిగింది. బేరింగులో ఎన్ని చుక్కల నూనె పోసినా ఆ చప్పుడు పోదు.

పంతొమ్మిదేళ్లు ఆ చక్రం మీదే నాచారంలో పంపుల ఫ్యాక్టరీకి వెళ్లొచ్చాడు. అక్కడ టైంకీపర్. పరాయి దేశపు మిషన్లతోపాటు వచ్చిన పుస్తకాలు చదివి చదివి ఇంగ్లీషు పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక సైకిల్ తుక్కుకు పోయింది, ముందు చక్రం మాత్రం మిగిలింది. దాన్ని తీసుకుని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మూడో అంతస్తులో ఉన్న ఈ స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుకు వచ్చాడు. ఇప్పటికి పదకొండేళ్లు. జుట్టు నెరిసింది, చొక్కా కాలరు రెండోసారి తిరగేసి కుట్టించుకున్నాడు. చక్రం మాత్రం అదే.

పద్ధతి కూడా అదే. చక్రం తిప్పాలి, ఒకరు వచ్చి వేలితో ఆపాలి. వేలి కింద ఏ మాట ఉంటే దానితో ఒక వాక్యం చెప్పాలి. పుస్తకంలోది చెబితే ఒప్పుకోడు.

“ఒక్క గెట్టే ఉంటది. పక్కపొంటి ఎవరు కూసుంటే దాని బుద్ధి గట్ల మారుతది. అప్ వస్తె నిద్ర లేస్తది, ఆన్ వస్తె బస్సెక్కుతది. నీ ఇంట్ల, నీ డ్యూటీల ఏం జరిగిందో గదే చెప్పు. అప్పుడే యాదికుంటది” అనేవాడు.

ఒకప్పుడు బెంచీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చున్న గది ఇది. ఇప్పుడు ఆరుగురు. నెలాఖరుకు పదిమందైనా లేకపోతే బ్యాచి ఎత్తేస్తానని సెంటరు నడిపే త్రిపురసుందరి మేడం మొహం మీదే చెప్పింది. మిగతావాళ్లంతా ప్లైవుడ్ గోడకు అవతల విక్రమ్ దగ్గరున్నారు. నాగోల్ నుంచి బైకు మీద వస్తాడు, నిండా పాతికేళ్లు లేవు, కాల్‌సెంటర్‌లో పనిచేశాడు. లాప్‌టాప్, తెర, నలభైమంది. ఆ నలభైమందీ ఒక్కసారిగా నవ్వినప్పుడల్లా హనుమాండ్లుకు కడుపులో మంట లేస్తుంది. అది అసూయేనని తనకు తెలుసు. తెలిసినంత మాత్రాన చల్లారదు కదా.

అన్నిటికంటే నీలవేణి వెళ్లిపోవడం కలుక్కుమనిపించింది. బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగు పని చేసే పిల్ల. ఏ, బీ, సీల దగ్గర మొదలుపెట్టించి దవాఖానాలో రిసెప్షన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేదాకా తెచ్చాడు. పోయిన నెల గోడ అవతలికి మారింది. ఇంటర్వ్యూలు ఎట్లుంటాయో విక్రమ్‌కు బాగా తెలుసట.

చక్రం సిద్ధం చేశాక క్లాసుకు ముందు కిందికి దిగి చాయ్ తాగడం అలవాటు. కొత్తగా లేచిన మెట్రో పిల్లరు పక్కన చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. అంతలో విక్రమ్ మెట్లు దిగి వచ్చి అటూ ఇటూ చూశాడు. ఎవరినో వెతుకుతున్నట్టున్నాడు. వాడికి నమస్తే చెప్పడం ఇష్టంలేక హనుమాండ్లు పిల్లరు చాటుకు జరిగాడు. విక్రమ్ కాసేపు చూసి పైకి వెళ్లిపోయాడు.

పైకి వచ్చేసరికి కరెంటు లేదు. గోడ మీద చెక్క గాడి ఖాళీగా ఉంది. గదిలో తన ఆరుగురిలో ఇద్దరే ఉన్నారు. ప్లైవుడ్ అవతల కిర్రుకిర్రుమంటోంది. ఆ చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతాడు.

పెద్ద గది గుమ్మంలో ఆగిపోయాడు. తెర నల్లగా వేలాడుతోంది, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఇద్దరు పిల్లలు ఇరుసు రెండు కొసలూ పట్టుకున్నారు. చక్రం తిరుగుతోంది. నీలవేణి వేలు పెట్టి ఆపింది. త్రూ.

“ద బాయ్ గాట్ త్రూ ద డోర్, అట్లాంటిదేదో చెప్పు” అన్నాడు విక్రమ్.

“అట్ల కాదు సార్. హనుమాండ్లు సార్ కాడ మన సంగతే చెప్పాలె.” నీలవేణి నవ్వు ఆపుకోలేకపోతోంది. “ఐ గాట్ త్రూ ద ఇంటర్వ్యూ. పొద్దుగాల్నే ఫోనొచ్చింది. సోమారం నుంచి డ్యూటీ.”

నలభైమందీ చప్పట్లు కొట్టారు. విక్రమ్ అందరికంటే గట్టిగా కొట్టాడు. హనుమాండ్లుకు తన పేరు వినపడనే లేదు, చప్పట్లే వినపడ్డాయి. తను నాటింది వాడి పెరట్లో పండిందనిపించి ఒళ్లు భగ్గుమంది. ఒక్క అంగలో వెళ్లి చక్రాన్ని గుంజుకున్నాడు. నీలవేణి వేలు ఇంకా స్పోకు మీదే ఉంది. “అమ్మా” అని చేయి వెనక్కి తీసుకుంది.

“నన్నడగకుండ నా సామాను ముట్టుడేంది? నీకు చేతనైతే నువ్వు చెప్పుకో. చేతకాకుంటే ఇంట్ల కూసో!”

“మీకోసం కిందికి వచ్చి సూసిన సార్, కనవడలే…” అని విక్రమ్ ఏదో చెప్పబోయాడు.

“దొంగతనం జేసినోనికి మాటలకు తక్కువుంటదా?”

నలభైమంది బెంచీల వైపు చూశారు. నీలవేణి మాత్రం నేరుగా హనుమాండ్లునే చూసింది. ఆ చూపు చాలు, ఇంకెవరూ ఏమీ అననక్కర్లేదు.

తన గదిలో మిగిలిన ఇద్దరికీ పాఠం చెప్పాననిపించి, చక్రం భుజానికి తగిలించుకుని మెట్లు దిగబోతుంటే కౌంటర్ దగ్గర త్రిపురసుందరి ఆపింది. లోపల జరిగిందింకా ఆమె చెవిన పడినట్టు లేదు.

“జర ఆగున్రి సార్. రేపటి సంది పెద్ద రూంల మొదటి గంట మీదే. రెండు బ్యాచులు కలుపుతున్నం. విక్రమే అడిగిండు. ఆయన దిక్కున్న పిల్లలు మాట్లాడుతలేరంట, మీ దిక్కు నుంచి వచ్చినోళ్లే నోరిప్పుతున్నరంట. చక్రం సార్ కావాలె అన్నడు. మీకు చెప్పలేదా?”

హనుమాండ్లుకు పిల్లరు చాటు నుంచి చూసిన ఆ వెతుకులాట గుర్తుకొచ్చింది. వెనక్కి తిరిగి రెండడుగులు వేస్తే చాలు. అవతల మళ్లీ పిల్లల మాటలు మొదలయ్యాయి. దొంగ అన్న నోటితో ఆ గుమ్మంలో నిలబడి ఏమనాలో ఆయనకు వచ్చిన రెండు భాషల్లోనూ దొరకలేదు.

“ఇంట్ల పనుంది మేడం” అన్నాడు.

బస్సులో చక్రాన్ని ఎక్కనివ్వరు. ఉప్పల్ నుంచి నాచారం దాకా దాన్ని రోడ్డు పక్కన దొర్లించుకుంటూ నడిచాడు. ఇంటికి వచ్చాక భార్య ఐలమ్మ అన్నం పెడతానంటే వద్దని, క్లిప్పులు ఒక్కొక్కటే విప్పి డబ్బాలో వేశాడు. ఏడే ఉన్నాయి. డబ్బా మూత పెట్టి, చక్రాన్ని మంచం కిందికి తోశాడు.

మర్నాడు సెంటరుకు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. మేడం రెండుసార్లు, విక్రమ్ ఒకసారి ఫోన్ చేశారు. “పానం బాగలేదంటుండు” అని ఐలమ్మే చెప్పింది. తర్వాత ఎవరూ చేయలేదు.

శనివారం నీలవేణి చివరిసారి క్లాసుకు వచ్చింది. ఖాళీ చెక్క గాడి ముందు కాసేపు నిలబడింది. ఆ రోజు చక్రం గుంజుకున్నప్పుడు వేలి దగ్గర ఊడి కింద పడ్డ క్లిప్పును బ్యాగులోంచి తీసి, పెద్ద గది కిటికీ ఊచకు తగిలించి వెళ్లిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ కిటికీ తెరుస్తారు. పచ్చ క్లిప్పు, దానికి గుండ్రటి అక్షరాల ‘త్రూ’ అట్టముక్క, ఇంకా అక్కడే ఉన్నాయి.