పదో గడి

"కాసేపు కూర్చుని ఆడిపెట్టరాదూ, నీకేం పనుంది గనక" అన్నాడు భర్త.

అప్పుడామె మోచేతుల దాకా సబ్బునురుగులో ఉంది. నానబెట్టిన బట్టలు సగం ఉతికింది, సగం ఉతకాలి. పొయ్యి మీద గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. ల్యాబ్ నుంచి వచ్చి అరగంట కూడా కాలేదు. ఇదంతా ఏకరువు పెడితే "ఇవీ ఒక పనులేనా" అంటాడని తెలుసు కనక, పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి బల్ల ముందు కూర్చుంది.

ఆడిపెట్టడమంటే అతని ఆట. మూడేళ్లుగా రాస్తున్నాడు. బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. అందులో అందరూ పదిహేను, పదహారేళ్ల పిల్లలు, ఒక్కొక్కరికీ ఒక్కో వింత శక్తి. ఆ శక్తి చెప్పాపెట్టకుండా బయటపడి కొంపలు ముంచుతుంటుంది. దాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటూనే ఊరిని ప్రమాదాల నుంచి కాపాడాలి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పిల్లో పిల్లాడో అయి "నేనిప్పుడు ఇది చేస్తాను" అని చెప్పి పాచిక వేస్తారు. ఆదివారాలు అతని స్నేహితులు ముగ్గురు వచ్చి ఆడతారు. ఆ రోజు ఆమె ఉండేది బల్లకీ వంటింటికీ మధ్య. మిగతా రోజుల్లో, రూల్స్ పనిచేస్తున్నాయో లేదో చూడటానికి, నలుగురు పిల్లలుగానూ ఆమె ఒక్కతే ఆడాలి. కలగాపులగం కాకుండా ఒక్కో పిల్లకి ఒక్కో కుర్చీలోకి మారమన్నాడు. మారుతుంది. పిడుగు అనే పిల్లాడి కుర్చీలోంచి లేచి గాలిపటం అనే పిల్ల కుర్చీలోకి, అక్కణ్ణుంచి బండరాయి కుర్చీలోకి. తనే అడిగి తనే జవాబు చెప్పుకుంటుంది. అతను పక్కగదిలో ఫోన్లో ఎవరితోనో "మా టెస్టింగ్ జోరుగా సాగుతోందిరా" అంటుంటాడు. ఆ "మా"లో తనుందో లేదో ఆమెకి ఎప్పుడూ తేలలేదు.

నాలుగో కుర్చీ నిచ్చెనది. సంతోషమొచ్చినా కోపమొచ్చినా ఈ పిల్ల ఒళ్లు సాగిపోతుంది, తల కప్పుకి కొట్టుకుంటుంది, క్లాసులో బెంచీలు విరుగుతాయి. నిచ్చెనంటే ఆమెకి కాస్త పక్షపాతం. ఆమె కూడా పొడగరే, భర్త కంటే నాలుగు వేళ్లు ఎక్కువ. పెళ్లి ఫోటోలప్పుడు అత్తగారు చెవిలో "కాస్త మోకాళ్లు వంచమ్మా, పక్కన వాడు మరీ చిన్నపిల్లాడిలా కనిపిస్తున్నాడు" అంది. వంచింది. పద్దెనిమిదేళ్లయినా ఎవరు ఫోటో తీస్తామన్నా ఆ మోకాళ్లు వాటంతటవే వంగుతాయి.

ఆటలో అదుపుకి ఒక్కొక్కరి కాగితం మీదా పది గడులుంటాయి. శక్తి పొంగుకొచ్చినప్పుడల్లా బిగబట్టుకుంటే ఒక గడి నిండుతుంది. పాచికకి పది ముఖాలు. నిండిన గడుల కంటే పెద్ద అంకె పడితేనే శక్తి బయటికొస్తుంది, దానంతటది వచ్చినా సరే, కావాలని పిలిచినా సరే. స్నేహితులు ముగ్గురూ గోడలు పగలగొట్టడానికే వస్తారు కనక వాళ్ల కాగితాల్లో నాలుగో గడి దాటి నిండిన రోజు లేదు.

ఆ గురువారం ఆమె నిచ్చెనని తనకి తెలిసినట్టే ఆడింది. మాస్టారు తిడితే బిగబట్టుకుంది. తోటిపిల్లలు వెక్కిరిస్తే బిగబట్టుకుంది. పుట్టినరోజున నవ్వు ముంచుకొస్తే, కప్పు ఎగిరిపోతుందేమోనని ఆ నవ్వునీ బిగబట్టుకుంది. పదో గడి నిండింది. బుద్ధిమంతురాలు అనుకుని కథ కాగితం తిప్పితే వంతెన ఘట్టం వచ్చింది. వంతెన అంచున పిల్లల బస్సు వేలాడుతోంది. నదిలో నిలబడి దాన్ని పట్టుకోగలిగేది నిచ్చెన ఒక్కతే. పాచిక వేసింది. ఏడు. మళ్లీ వేసింది. నాలుగు. మూడోసారి పది పడింది. పది కంటే పది పెద్దది కాదు. ఆ పాచిక మీద పదకొండు లేదు.

నీళ్లలో మామూలు ఎత్తున్న పిల్ల, చేతులు పైకి చాపి. బస్సు అందదు. ఆమెకి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. నలుగురు పిల్లలున్న బల్ల దగ్గర ఒక్కతీ కూర్చుని ఏడ్చింది, అదీ పక్కగదిలోకి వినపడకుండా.

కళ్లు తుడుచుకుని వెళ్లి భర్తకి చెప్పింది. "పదో గడి నిండితే ఆ పిల్ల ఇంకేమీ చెయ్యలేదండీ. రూల్‌లో చిల్లుంది."

"అలా ఎవరు ఆడతారు?" అన్నాడతను ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ప్రతిసారీ బిగబట్టుకుని కూర్చుంటే అది ఆటెలా అవుతుంది? నువ్వు రూల్స్ జోలికి రాకు. ఏ అంకె పడిందో రాసిపెట్టు చాలు."

ఆమె నవ్వి ఊరుకుంది. మర్నాడు ల్యాబ్‌లో రక్తం సీసాలకి పేర్లు అంటిస్తుంటే ఆ ఊరుకోవడం గుర్తొచ్చింది. అదీ ఒక గడే కదా అనుకుంది. అక్కణ్ణుంచి వద్దన్నా ఒకటొకటే గుర్తొచ్చాయి. చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్లతో పెద్ద డాక్టరు ఆమెని చూపించి "ఈవిడ గదిలో ఉన్నట్టే తెలియదండీ, అంత నెమ్మది" అనడం, దానికామె ఆ సాయంత్రమంతా పొంగిపోవడం. తారుమారైన రెండు సీసాలని ఆమె పట్టుకుంటే, ఆ మంచిమాట మీటింగులో పక్క సీటు కుర్రాడి ఖాతాలో పడటం, అప్పుడూ ఆమె కిక్కురుమనకపోవడం. "మా కోడలికి నోట్లో నాలుకే లేదు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చెప్పడం. స్నేహితుల ముందు భర్త "మా ఆవిడకివేం తెలీవు, పాపం, ఏదో కూర్చోమంటే కూర్చుంటుంది" అనడం. అన్నీ మెచ్చుకోళ్లే. ఒక్కటీ తిట్టు కాదు. తిడితే ఎప్పుడో ఒకప్పుడు ఎదురు తిరిగేదేమో, మెచ్చుకుంటూ గడులన్నీ నింపించేశారు. కోపం కంటే ముందు ఆమెకి భయమేసింది. ఇప్పుడు నిజంగా ఏదైనా ఆ బస్సులా వేలాడితే తన దగ్గర ఏమైనా మిగిలుందా? ఎవరినైనా అడుగుదామంటే, ఇలాంటి మాట చెప్పుకునే మనిషి ఒక్కరూ లేరని కూడా అప్పుడే తెలిసింది.

ఆ ఆదివారం, ఆటలు అచ్చువేసే ప్రచురణకర్త ఒకావిడ వచ్చింది, జుట్టు నెరిసిన, కళ్లజోడు దారంతో మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ. ఆట చూసి నచ్చితే వేస్తానంది. తీరా సమయానికి స్నేహితుల్లో ఒకడు రాలేదు. భర్త తల ప్రాణం తోకకి వచ్చింది. "మా ఆవిడ కూర్చుంటుంది లెండి" అని నిచ్చెన కాగితం ఆమె చేతిలో పెడుతూ, గొంతు తగ్గించి "ఎనిమిదో గడి దాటనివ్వకు" అన్నాడు.

అంటే ఆమె చెప్పింది అతనికి గురువారమే అర్థమైందన్నమాట. అర్థమైనట్టు ఆమెకి చెప్పాలని మాత్రం అనిపించలేదు. రూల్ తప్పని ఒప్పుకోవడం కంటే ఈమెని ఎనిమిది దగ్గర ఆపడం తేలిక.

ఆట సాగింది. పిడుగుగా ఆడుతున్న స్నేహితుడు ఇద్దరు మనుషులంత గోల చేశాడు. నిచ్చెనకి ఎనిమిది గడులు నిండాయి. కథ నడుపుతున్న భర్త, "టీచరు అందరి ముందూ అంది, నీకేం తెలుసు, నోర్మూసుకుని కూర్చో అని. ఇప్పుడేం చేస్తావ్ నిచ్చెనా?" అంటూ కళ్లతో సైగ చేశాడు.

"పైకప్పు లేపేయ్ వదినా!" అన్నాడు పిడుగు.

లేపేయడానికి పాచిక వేయవచ్చు. వేస్తే తొమ్మిదో గడి నిండదు, అతని ఆట గట్టెక్కుతుంది, ఆ చిల్లు ఆమె ఒక్కదానికే తెలిసిన చిల్లుగా ఉండిపోతుంది. ఇంకొక్క మనిషి చూడాలి అనిపించింది, అంతే. "బిగబట్టుకుంటాను" అంది. తొమ్మిది. భర్త గొంతు సవరించుకున్నాడు. తరవాతి సంగతికీ "బిగబట్టుకుంటాను" అంది. పది.

వంతెన వచ్చింది. బస్సు వేలాడింది. ఆమె పాచిక వేసింది.

"పది! పదొచ్చింది!" అని పిడుగు బల్ల చరిచాడు.

"చాలదు" అందామె.

ప్రచురణకర్త కళ్లజోడు పెట్టుకుని రూల్ కాగితం రెండుసార్లు చదివింది. "అంటే అదుపు పూర్తిగా నేర్చుకున్న పిల్లకి చివరికి శక్తే ఉండదన్నమాట."

భర్త పెద్దగా నవ్వాడు. "అలా ఎవరూ ఆడరండీ! ప్రతిదానికీ బిగబట్టుకునే పిల్ల ఎక్కడుంటుంది చెప్పండి?"

"ఇక్కడుంది" అంది ఆమె. "నేనలాగే ఆడతానండీ. ఈ ఆట రాకముందు నుంచీ అలాగే ఆడుతున్నాను."

ప్రచురణకర్త కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. "మరి ఆ పిల్ల ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

ఇన్నాళ్లూ అడిగిందీ చెప్పిందీ తనే, నాలుగు కుర్చీల్లోంచీ. వేరే మనిషి అడిగితే ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. భర్త చప్పున లేచి, "కాస్త విరామం తీసుకుందాం. నువ్వెళ్లి అందరికీ టీ పెట్టు" అన్నాడు.

ఆమె కదల్లేదు. రబ్బరు అందుకుని, పది గడులూ నిండిన నిచ్చెన కాగితం దగ్గరికి లాక్కుంది.

"టీ మీరు పెట్టండి. ఆ పిల్ల నీళ్లలో నిలబడి ఉంది. దాన్నక్కడ ఒంటరిగా వదిలేసి నేను లేవను."