మా బావగారి మంచి రక్తం

మా బావకి తెలియని విషయం లేదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే ఆయనకి చేతకాదు.

అక్కకి పొద్దున ఆడపిల్ల పుట్టింది. కడుపుతో ఉండగా చేసిన రక్తపరీక్షలోనే అక్కకి హెపటైటిస్ బి ఉందని తేలింది. ఆ రోజు నుంచి బావ అక్క మంచినీళ్ళ గ్లాసు వేరు చేశాడు. "ఎక్కడ అంటించుకున్నావో ఏమో" అని పూటకోసారి దెప్పేవాడు. ఏం పాపం చేశానో అని అక్క కుళ్ళికుళ్ళి ఏడ్చేది.

పిల్లకి సోకకుండా పుట్టగానే రెండు ఇంజెక్షన్లు వెయ్యాలి. నర్సు ట్రేతో వచ్చేసరికి మంచానికి అడ్డంగా నిలబడ్డాడు మహానుభావుడు.

"అవి వేస్తే వార్డంతా గుప్పుమంటుంది. నలుగురిలో తలెత్తుకోవద్దూ? అయినా మా వంశంలో తాగుడు లేదు, తిరుగుడు లేదు. మా పిల్ల లివర్‌లోకి అదెలా దూరుతుంది?"

ల్యాబులో కాలేయ కణాలు పెంచి, ఈ వైరస్ వాటిలోకి ఎలా వెళ్తుందో చూడటమే నా ఉద్యోగం. ఆయన లెక్కలో మాత్రం నేను నిన్నమొన్నటి మరదలు పిల్లని.

"దూరక్కర్లేదు బావా. కాలేయ కణం మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. రక్తంలో తిరిగే, అరుగుదలకి పనికొచ్చే పిత్త లవణాల్ని లోపలికి తెచ్చుకోవడం దాని పని. వైరస్ దాన్నే పట్టుకుని లోపలికి పోతుంది. మీ వంశంలోవాళ్ళకీ ఆ ప్రోటీన్ ఉంటుంది."

బావ నవ్వాడు. పిల్లలకి బుద్ధి చెప్పేముందు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"నాలుగు ముక్కలు చదివితే సరిపోదమ్మాయ్. నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉంది అది. ఏమైంది? గుండ్రాయిలా లేనూ?"

నర్సు ఆయన మొహంలోకి చూసింది. ఏమన్నాడో అప్పటికి గానీ ఆయనకి వెలగలేదు. తను అంటించి, ఆ మచ్చ పెళ్ళాం నెత్తిన రుద్దిన మనిషి ఇతనే.

"వెయ్యండమ్మా" అంది అక్క నర్సుతో.

నర్సు ఆయన్ని మోచేత్తో పక్కకి నెట్టి, పిల్ల రెండు తొడలకీ సూదులు వేసింది. పిల్ల గుక్కపట్టింది. ఎత్తుకోబోయిన బావకి అందకుండా అక్క పిల్లని గుండెలకి అదుముకుంది.

"ఇన్నాళ్ళూ నన్ను నేనే అసహ్యించుకున్నానండీ" అంది బావతో.

అంత జరిగాక కూడా అండీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.