బొట్టు పక్కనున్నది

ఆదివారం గాజువాకలో సన్యాసిరాజు కంప్యూటర్ల కొట్టుకి సెలవు. అయినా పొద్దున్నే స్క్రూడ్రైవర్ల సంచి భుజాన వేసుకుని స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లకి బయల్దేరాడు. బావ గంగాధరరావు ఇంట్లో కంప్యూటర్ లేవడం లేదు. విడిభాగాలు కొని దాన్ని అక్క నాగమణి కోసం బిగించి ఇచ్చింది రాజే. ఇప్పుడు పాడుచేసిందీ రాజే.

అక్క పోయి ఏడాది దాటింది. గొంతులో పుండన్నారు, ఆపరేషన్ చేస్తే మాట పోతుందన్నారు. ఆసుపత్రికి వెళ్లేముందు ఆవిడ మైకు పెట్టుకుని తన గొంతు కంప్యూటర్లో రికార్డు చేసింది. మాట పోయింది, తర్వాత మనిషీ పోయింది. గంగాధరరావు డ్యూటీ దిగి రావడం, చెప్పులు విప్పడం, ఆ గొంతు వినడం. ఆ ఇంట్లో దీపం పెట్టడమంటే అదే.

ఈమధ్య గొంతు ఆగి ఆగి వస్తోందని బావ అంటే, కొత్త అప్‌డేట్ వేస్తే సాఫీగా వస్తుందని రాజు సీడీ తెచ్చి వేశాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఆనాటినుంచీ నల్లతెర తప్ప ఏమీ రావడం లేదు.

రాజు డబ్బా మూత విప్పాడు. ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. బ్యాటరీ తీసి వేశాడు. తీగలన్నీ ఊడబీకి మళ్లీ బిగించాడు. అది మొండికేసింది.

"ఏటయిందిరా?" పక్కనే పీట వేసుక్కూర్చున్న గంగాధరరావు అడిగాడు.

"సిస్టం ఫైళ్లు పోనాయి బావా. ఫార్మాట్ కొట్టాల."

ఆ రోజుల్లో కంప్యూటర్ వైద్యులందరిదీ ఒకటే మందు. జలుబుకీ ఫార్మాటే, జ్వరానికీ ఫార్మాటే. సీ డ్రైవ్ తుడిచేసి సిస్టం మళ్లీ ఎక్కిస్తారు, డీ డ్రైవ్ జోలికి పోరు. అందుకే దాచుకోవలసినవన్నీ డీలో పెట్టుకోమని రాజు ప్రతి ఇంట్లోనూ పాఠం చెప్పేవాడు. అక్కకీ చెప్పాడు.

"అక్క గొంతు డీలోనే ఉన్నాదా?"

"డీలోనే ఉంటాది. నువ్వే కదా సెప్పేవు. మీ అక్కకి నీ మాటంటే వేదం."

రాజు సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాడు.

మధ్యాహ్నానికి తెర వెలిగింది. రాజు ప్రాణం లేచొచ్చింది. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడెవరికి గుర్తుంటుంది. "ఇనుకో బావా," అని కుర్చీ జరిపాడు.

గంగాధరరావు మౌస్ పట్టుకుని తెర ఎడమ పక్కకి చూశాడు. అక్కడ గాజు మీద ఎర్రటి స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది.

"దీని పక్కన సిన్న బొమ్మ ఉండాల. ఏదిరా?"

"ఏ బొమ్మ?"

"మీ అక్క గొంతుది. ఆ డ్రైవులూ అవీ నాకు తెలవవని ఎదరే పెట్టింది. బొట్టు పక్కనున్నది నొక్కితే సాలు అంది."

తెర మీద అలా ఎదురుగా పెట్టుకున్నవన్నీ ఉండేది సీ డ్రైవ్‌లోనే. ఆ సంగతి బావకి తెలియదు, అక్కకీ తెలియదు. తెలిసినవాడు తెర మీదేమైనా పెట్టుకున్నారా అని అడగలేదు. పొద్దుటినుంచీ ఆ బొట్టు కనిపిస్తూనే ఉంది. ఆడవాళ్లు స్నానానికి వెళ్తూ అద్దానికి అంటించినట్టు అంటించిందిలే అనుకున్నాడు.

డీ అంతా వెతికాడు. ఫొటోలున్నాయి, పాటలున్నాయి. పోయినవి తిరిగి తీసే సాఫ్ట్‌వేర్ వేసి సాయంత్రందాకా కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అక్క పేరుతో ఒక్క ఫైలు దొరికింది. అందులో బరబరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అక్కని నానే సంపేసేను బావా," అని రాజు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"డీలో ఉన్నాదని సెప్పింది నానే కదరా," అన్నాడు గంగాధరరావు. "నువ్వెప్పుడైనా ఇన్నావా?"

రాజు తల అడ్డంగా ఊపాడు. వినే ధైర్యం లేక, తర్వాత విందాం, తర్వాత విందాం అని ఇన్నాళ్లూ దాటేశాడు.

గంగాధరరావు బొట్టు వంక చూస్తూ మొదలుపెట్టాడు. "ఏటండీ, ఇంటన్నారా. డ్యూటీ నించొచ్చి కాళ్లు కడుక్కోండి. పొయ్యి మీద పాలెట్టి పేపరు సదవకండి. రాజు వత్తే తినకుండా పంపకండి. ఆడు ఆకలని సెప్పడు."

మాట పొల్లుపోలేదు. ఆవిడ ఆగిన చోట ఆగాడు, దగ్గిన చోట దగ్గాడు. గొంతు మాత్రం గంగాధరరావుది. అంతా అయ్యాక లేచి, బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్లాడు.