దొరగారి సగం క్షవరం

కుక్కలకు క్షవరం చేసే కోడలంటే ఆ వీధుల్లో తెలియనివారు లేరు. వ్యానులో ఇంటింటికీ వెళ్లి బొచ్చు కత్తిరించి, స్నానం చేయించి, ఆరబెట్టి వచ్చేది. ఆమె యంత్రాలకు కరెంటు ఇచ్చేది వ్యాను వెనకాల ఉండే పవర్ స్టేషన్. చిన్న ట్రంకుపెట్టెంత బ్యాటరీ అది. ఇంకా ఎంత శాతం మిగిలిందో దాని ముఖం మీద అంకెల్లో కనబడుతుంది.

ఆ అంకెను నమ్ముకునే ఆమె ఆ రోజు రిటైరైన హెడ్‌మాస్టరమ్మగారి కుక్క మీద చెయ్యి వేసింది. దాని పేరు దొర. ఒళ్లంతా ఉంగరాల బొచ్చు. కుడిపక్క నున్నగా అయిపోయింది. ఎడమపక్కకు తిప్పేసరికి యంత్రం గుర్రుమని, మూలిగి, ఆగిపోయింది. అప్పటిదాకా యాభై ఎనిమిది చూపించిన పెట్టె ముఖం నల్లబడింది. యంత్రం పిన్ను ఆ పెట్టెకు తప్ప ఇంకెక్కడా పట్టదు. పోనీ కత్తెరతో కానిద్దామంటే, కత్తెర కనబడితే చాలు, దొర కరుస్తాడు.

"ఏంటమ్మా ఇది? పరీక్ష మధ్యలో పేపరు లాక్కున్నట్టు!" అన్నారు హెడ్‌మాస్టరమ్మ.

"రేపు వచ్చి పూర్తి చేస్తానండీ," అని తలవంచుకుని వచ్చేసింది కోడలు.

రిపేరు షాపాయన పెట్టె విప్పి, తీగలన్నీ చూసి, కాస్త ఛార్జింగ్ ఎక్కించి, మళ్లీ మూసేశాడు. "బ్యాటరీ గుండ్రాయిలా ఉంది. లెక్కే తప్పింది. రోజూ కాస్త వాడి, కాస్త ఎక్కించి, మధ్యలో లాగేస్తున్నారా?"

"టైముండొద్దూ అన్నా?"

"అదే మరి. అడుగెక్కడో, అంచెక్కడో అది మర్చిపోయింది. ఒక్కసారి పూర్తిగా ఖాళీ చెయ్యండి, దానంతటదే ఆరిపోయేదాకా. రెండు గంటలు వదిలెయ్యండి. తర్వాత నూరయ్యేదాకా ఎక్కించి, నూరయ్యాక కూడా ఇంకో గంట ఉంచండి. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు."

ఎవరూ వేలు పెట్టకూడదన్న మాట ఆమె ఇంట్లో చెల్లేది కాదు. మర్నాడు పొద్దున్నే పెట్టెను నట్టింట్లో పెట్టి, టేబుల్ ఫ్యాను తగిలించి, కూరగాయలకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి పెట్టె గోడ ప్లగ్గుకు తగిలించి ఉంది. అంకె నలభై.

"తొమ్మిదికి పడిపోయిందే అమ్మాయ్! నా ప్రాణం ఊరుకోలేదు. కడుపు మాడ్చుకుని ఎంతసేపుంటుంది పాపం?" అంది అత్తగారు. ఇంటికి పోస్టు తెచ్చే మనిషిని కూడా ఆవిడ ఏదో ఒకటి తినిపించనిదే పంపదు.

కోడలు పళ్లు బిగించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మధ్యాహ్నానికి సున్నా అయింది, రెండు గంటలు ఆగింది, ఛార్జింగూ ఎక్కింది. ఎనభై ఆరు దగ్గర భర్త వచ్చి పెట్టె ప్లగ్గు పీకి, ఆ చోట తన ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాడు. "రెండు నిమిషాలేగా!" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన నలిగిన చొక్కాతోనే బయటికి వెళ్లాల్సొచ్చింది.

అంతలో ఫోను. హెడ్‌మాస్టరమ్మ.

"దొరని నడకకి తీసుకెళ్తే, పోయేటప్పుడు నున్నటి కుక్క, వచ్చేటప్పుడు బొచ్చుకుక్క కనబడుతోందిట అందరికీ. ఒక కుక్కకే అనుమతి ఉంటే రెండు పెంచుతున్నానని మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్లు నోటీసిచ్చారు!"

కోడలికి నవ్వు పొంగుకొచ్చింది. దాన్ని ఎలాగో మింగింది. ఫోను పెట్టేసి, అత్తగారి వైపు తిరిగింది. ఆవిణ్ణి ఆపడం తన తరం కాదు. పనిలో పెట్టడమొక్కటే దారి.

"అత్తయ్యా, రేపు దీని బాధ్యత మీదే. దీని డాక్టరు లంఖణం పరమౌషధమన్నాడు. ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టండి."

వైద్యుడి మాటనేసరికి అత్తగారి నడుం నిటారుగా అయింది. పొద్దున్నే కుర్చీ వేసుకుని పెట్టె ముందు కూర్చుంది. కోడలు వంటింట్లో ఉంటే అక్కణ్ణుంచే కేకలు: "పదకొండు!... ఏడే అమ్మాయ్!... మూడు!" సున్నా అయి, ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. వెళ్లి చూస్తే అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, విసనకర్రతో పెట్టెకు విసురుతోంది. ప్లగ్గు జోలికి మాత్రం పోలేదు. రెండు గంటలయ్యాక కోడలు పెట్టెకు ఛార్జింగ్ పెట్టింది. ఫోను ఛార్జింగ్ అంటూ వచ్చిన కొడుకును ఆ విసనకర్రతోనే తరిమింది. నూరు పడ్డాక "ఇంకో గంట" అని కోడలికి తనే గుర్తుచేసింది.

మర్నాడు పెట్టెతోపాటు అత్తగారూ వ్యానెక్కింది. హెడ్‌మాస్టరమ్మగారి వాకిట్లో దొర ఎడమపక్క బొచ్చు కుప్పలుగా రాలుతుంటే ఆవిడ అంకెలు చదువుతూ పోయింది. తొంభై రెండు, ఎనభై ఐదు, డెబ్బై తొమ్మిది. మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే దిగాయి.

పక్క బ్లాకులో ఇంకో రెండు కుక్కలయ్యాక, ఒకాయన తన పిల్లిని ఎత్తుకుని వచ్చి, "దీనికి కూడా కాస్త..." అన్నాడు.

కోడలు పెట్టె వైపు చూసింది. పద్దెనిమిది. మూడు రోజుల క్రితమైతే దేవుడి మీద భారం వేసి మొదలుపెట్టేసేది.

"పద్దెనిమిదితో పిల్లి అవదండీ. రేపు పదింటికి వస్తాను," అంది హాయిగా, తీగలు చుట్టుకుంటూ.