నలభై ఏడో నంబరు బిళ్ళ

తెర తుడవడం అయ్యాక మల్లేశం రిమోటుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి, కొత్తది చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. ప్రతి శుక్రవారం చేసే పనే. సౌదీలో దమ్మామ్ శివారున ఉన్న ఆ కూలీల క్యాంపులో టీవీ గదికి అతనే కాపరి. పదహారేళ్లు పరంజీలు కట్టాడు. ఐదేళ్ల కిందట మోకాలు విరిగాక చేతికి చీపురిచ్చారు. వంగిన భుజాలు, నెరిసిన గరుకు గడ్డం, ఎవరి ముఖమూ చూడని కళ్లు.

టీవీలో అతను చూసేది ఒకటే, ‘పది మెట్లు’. పది ప్రశ్నలు, పది మెట్లు. తప్పితే దిగిపోవడమే. ఎక్కడో పుట్టిన ఆట, ఏ భాషలోకి వెళితే ఆ భాష బుద్ధులు నేర్చింది. అరబ్బీలో అడిగేవాడు నవ్వడు. హిందీలో గెలిచినా ఏడుపే, ఓడినా ఏడుపే. మలయాళంలో ఆడేవాడు అడిగేవాడితోనే వాదం పెట్టుకుంటాడు. జవాబు తెలియకపోతే దోస్తుకు ఫోను చేయడం అన్నింటిలోనూ ఉంది. మిగతా భాషల్లో దోస్తుకు ముందే చెప్పి ఉంచుతారు. తెలుగులో చెప్పరు. అదే తమాషా అట.

తెలుగుది మాత్రం మల్లేశం చూడడు. ఆరేళ్లయింది.

ఆరేళ్ల కిందట అతని భార్య పుష్ప, మెట్‌పల్లిలో బీడీలు చుట్టే పుష్ప, అందులో ఆరో మెట్టు దాకా ఎక్కింది. దోస్తుగా మొగుడి పేరు చెప్పింది. ఆ వేళకు అతను రిఫైనరీ లోపల పరంజీ మీద ఉన్నాడు. లోపలికి ఫోన్లు పోనివ్వరు. గేటు దగ్గర ఇచ్చి ఇత్తడి బిళ్ళ తీసుకోవాలి. అతనిది నలభై ఏడు, లోపల పిలిచేదీ ఆ నంబరుతోనే. గేటు కాపలాకు కడప లాల్ అహ్మద్ ఉన్నాడు. ఫోన్లు పెట్టే అరలో అది మోగుతుంటే విన్నాడు. ఎత్తలేదు.

మర్నాడు సంగతి తెలిసి మల్లేశం ఆ బిళ్ళను లాల్ అహ్మద్ ముఖాన విసిరికొట్టాడు. కనుబొమ్మ చీలింది. పుష్ప మీదా అరిచాడు. “నా పేరెందుకిచ్చినవే? లోపట ఉంటనని ఎరుక లేదా?”

“టీవీల సూడు, తెలుస్తది,” అని నవ్వింది పుష్ప. అది టీవీలో వచ్చేలోగా జ్వరంతో పోయింది. వచ్చిన రోజు మల్లేశం ఆమె దినాల్లో ఉన్నాడు. తర్వాత వెతికి చూడలేదు. చూస్తే ఆ ఫోను మోత వినాలి.

లాల్ అహ్మద్‌తో మాట మానేశాడు. అదే మెస్సు, అదే నల్లా. అయినా మాట లేదు.

ఆరు కావస్తుండగా క్యాంపు కుర్రాడు దేవన్న పదిమందిని వెంటేసుకుని వచ్చి రిమోటు లాక్కున్నాడు.

“ఇయ్యాల తెలుగే, కాకా. ఆటకు ఇరవై ఏండ్లు నిండినయట. పాతయన్ని సూపెడ్తరు.”

“నీ ఫోన్ల సూస్కోపో.”

“ఈ రిమోటేమన్న మీ అత్తగారు పెట్టిన్రా?”

అందరూ నవ్వారు. మల్లేశం చీపురు పట్టుకుని లేచాడు. గుమ్మంలో లాల్ అహ్మద్ నిలబడి ఉన్నాడు, భుజాన సంచీతో.

“ఎగ్జిట్ పడిందన్నా, ఇంగ ఊరికే. ఆరున్నరకు బస్సు. చెప్పిపోదామని వచ్చినా.”

అతన్ని దాటుకుని పోవడం ఇష్టంలేక మల్లేశం మళ్లీ కూర్చున్నాడు. తెరవైపు తిరిగాడు.

“ఆ పొద్దు ఫోను ఎత్తితే ఉద్యోగం పోతాదని భయపడితి. ఎత్తి ఉండాల్సిందన్నా.”

మల్లేశం చీపురు కట్టు బిగించుకున్నాడు.

తెర మీద మొదటి ఏడాది వచ్చింది. చెక్క మెట్లు, తొక్కితే ఊగుతున్నాయి. తర్వాత గాజు మెట్లు. పది లక్షల బహుమతి కోటి అయింది. అడిగేవాడి జుట్టు పలచబడింది. ఆ తర్వాత నవ్వులకోసం ‘ఎత్తని ఫోన్లు’ అని వరసగా వేశారు. మూడోది పుష్ప.

నీలం చీర. నూనె ఎక్కువైన తల. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఫోను మోగుతూనే ఉంది. జనం నవ్వుతున్నారు.

“మీ ఆయనకు కోపమా అమ్మా?”

“కోపం కాదు సార్. డ్యూటీల ఉంటడు, ఫోను గేటుకాడ పెట్టి పోతడు. ఎత్తడని ఎరుకే నాకు.”

“మరి ఆయన పేరెందుకిచ్చారు?”

“పదిహేనేండ్ల సంది ఆడ నంబరేసి పిలుస్తుర్రు సార్. ఒక్కపారి పేరు పెట్టి పిలువుర్రి, అందరు ఇనంగ.”

అడిగేవాడు కాగితం చూసి చదివాడు. “చిన్నూరి మల్లేశం గారు!” జనం చప్పట్లు కొట్టారు.

దేవన్న రిమోటు తెచ్చి మెల్లగా మల్లేశం ఒడిలో పెట్టాడు. మల్లేశం గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. కుంటుకుంటూ బయటికి వచ్చేసరికి బస్సు గేటు దాటుతోంది.

“లాల్ అహ్మద్!” అని అరిచాడు. ఆరేళ్లలో ఆ పేరు పలకడం అదే మొదలు. బస్సు ఆగలేదు.

దుమ్ము తగ్గేదాకా నిలబడి వెనక్కి వచ్చాడు. గుమ్మం పక్క కిటికీ గట్టు మీద ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంది, అంచు కొంచెం వంగి, నలభై ఏడు అంకె అరగకుండా.