అరువు వార్మర్

నందిగామలో కిషోర్‌బాబు ఆసుపత్రికి ఆ రోజు లైసెన్సు రెన్యువల్ తనిఖీ. పసిబిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్ అక్కడ లేదు. జగ్గయ్యపేటలో బావగారు జగన్నాథరావు ఆసుపత్రిలో ఒకటి ఉందిగా, ఇంకొకటి కొనడం దేనికి? పెళ్లికి నగలు అరువు తెచ్చుకున్నట్టు తనిఖీకి ఆ వార్మర్‌ను, దానితోపాటు రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు పరిమళను తెప్పించుకోవడం వాళ్లకు మామూలే. దొంగలు దొంగలు ఊళ్లు పంచుకున్నట్టు, ఒక్క మిషన్‌తో రెండు లైసెన్సులు నడిపిస్తున్నారు.

ఈసారి మాత్రం పరిమళకు కాళ్లు కదల్లేదు. తమ్ముడు మోజెస్ భార్య మెర్లిన్ పొద్దుటే నొప్పులతో జగ్గయ్యపేటలో చేరింది. అక్కడైతే వార్మర్ ఉంటుందన్న ధీమాతో చేర్పించింది తనే. ఇవాళొక్కరోజు వద్దండి అని బతిమాలితే, తొలికాన్పు సాయంత్రం దాకా అవదులే, ఈలోపు వచ్చేస్తావని జగన్నాథరావు కసిరాడు. ఉద్యోగం పోతుందని భయపడి ట్రాలీ ఆటో ఎక్కింది.

తనిఖీ అధికారి ముందు బిరియానీ తిన్నాడు. తర్వాత గదులన్నీ చూస్తూ వచ్చి వార్మర్ దగ్గర ఆగాడు. ఇతనన్నా పట్టుకుంటే బాగుండునని పరిమళ మనసులో దేవుణ్ని వేడుకుంది.

"దీని చక్రం ఊగుతోందని పోయిన నెల జగ్గయ్యపేటలోనే చెప్పాగా, బాగు చేయించలేదేం?" అన్నాడు నవ్వుతూ. కిషోర్‌బాబు కూడా నవ్వాడు. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

అంతలో మోజెస్ ఫోన్ చేశాడు. ఆడపిల్ల పుట్టింది, సరిగ్గా ఏడవడం లేదు, ఒళ్లు చల్లబడుతోంది. మిషన్ లేదు, విజయవాడ తీసుకుపొమ్మన్నారట. విజయవాడ దాకా ఆగదురా, దారిలోనే కదా, నందిగామకు తెమ్మంది పరిమళ.

తువ్వాలులో చుట్టిన బిడ్డ నీలంగా వచ్చింది. పరిమళ వార్మర్ కింద పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, వీపు రుద్దుతూ కూర్చుంది. ఎంతసేపటికో బిడ్డ కేర్‌మంది.

టీ తాగుతున్న అధికారి లేచొచ్చి బిడ్డను, వార్మర్‌ను కలిపి ఫోటో తీసుకున్నాడు. సేవలు చక్కగా అందుతున్నాయని రాసి సంతకం పెట్టాడు. ఛీ, వీళ్లవీ ఒక బతుకులేనా!

మోజెస్ కన్నీళ్లతో కిషోర్‌బాబుకు చేతులు జోడించాడు. కిషోర్‌బాబు సిగ్గు లేకుండా ఆ దణ్ణం అందుకున్నాడు. మోజెస్ అక్క వైపు తిరిగాడు.

"జగ్గయ్యపేటలో కూడా ఇలాంటిదొకటి ఉంటే నా బిడ్డకి ఇంత గండం తప్పేది గదక్కా."

కిషోర్‌బాబు గుడ్లురిమాడు. పరిమళ అతని వంక చూడలేదు.

"ఇది అక్కడిదేరా. పొద్దున నేనే దగ్గరుండి ఇక్కడికి తెచ్చా."