తీపి అనని కోడలు

ఊల్కన్ పోయిన నలభయ్యో రోజు భోజనాలకు వెళ్ళి వస్తూ ఉంటే, దారిలోనే తత్తీబుబుకు ఆ సంగతి తట్టింది. ఇక తనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. అన్నదమ్ములూ పోయారు. ‘తత్తీ, నా జోళ్ళెక్కడ పెట్టావే?’ అని రోజూ పొద్దున్నే ఇల్లెగిరిపోయేలా అరిచిన మొగుడూ పోయాడు. మిగిలిన ఒకే ఒక్క ఈడుది ఊల్కన్. గోడ అవతల నుంచి ‘ఒసేయ్ తత్తీబుబూ, ఉన్నావా, పోయావా?’ అని అరిచేది. చివరికి తనే పోయింది. ఇప్పుడు ఊరంతటికీ తత్తీబుబు అమ్మమ్మే, ముసలమ్మే. ఆసుపత్రిలో ఇంటిపేరుతో పిలుస్తారు. అది మామగారి పేరు. అది వినబడినప్పుడల్లా ఆయనే లేచి వచ్చాడేమోనని ఆమె తలుపు వైపు చూస్తుంది.

ఆమె పుట్టింది కరువు రోజుల్లో. పుట్టిన బిడ్డ నోటికి వెన్న రాయడం ఆనవాయితీ. ఇంట్లో వెన్న ఎక్కడిది? నాయనమ్మ మూటలన్నీ దులిపి, అడుగున దొరికిన ఒక ఎండు ఖుబానీ పండు నమిలి, ఆ రసం బిడ్డ పెదాలకు రాసింది. ‘బతుకెలా ఉంటుందో దేవుడికెరుక, పేరైనా తియ్యగా ఉండనీ’ అంది. తత్తూ అంటే తీపి. పోట్లాడుకోకుండా కలిసి బతికేవాళ్ళనూ వాళ్ళ ఊరి సరస్సు ఒడ్డున తత్తూ అనే అంటారు. చిన్నప్పుడు అమ్మ తోట చివర నిలబడి ‘తత్తీబుబూ!’ అని కేకేస్తే, చెట్టెక్కి కూర్చున్న పిల్ల ‘లబ్బై!’ అని పలికేది. పెద్దవాళ్ళు పిలిస్తే అలాగే పలకాలి. ఆ పలుకు తన నోట వచ్చి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

అలాగని ఇంట్లో మనిషి లేదా అంటే, బంగారం లాంటి కోడలుంది. బురుల్. చిక్కంతా అక్కడే. కోడలన్నది అత్తమామల పేరెత్తకూడదు. పేరే కాదు, పేరులో ఇమిడిన మాట కూడా నోట రాకూడదు. అందుకని బురుల్ ఈ ఇంట్లో పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపింది కానీ తీపి అన్న మాట మాత్రం అనలేదు. పిల్లలు ఆ మాటను వీధిలో నేర్చుకొచ్చారు. ఊళ్ళో అత్తలందరూ బురుల్‌ను చూపించి తమ కోడళ్ళను సాధిస్తారు. తత్తీబుబు కూడా ఇన్నాళ్ళూ ఆ పొగడ్తలు విని తెగ మురిసిపోయింది. ఇప్పుడు ఆ మురిపెమే గొంతుకు అడ్డం పడింది.

ఖుబానీల కాలం వచ్చింది. కొడుకు గుర్రాలను తోలుకుని కొండమీది పచ్చికలకు వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళే. వాకిట్లో పొయ్యి పెట్టి, పెద్ద మూకుడులో పండ్లు ఉడకేశారు. ముసలమ్మకు ఒక ఉపాయం తోచింది. పిలిపించుకోవడం కాకపోతే, కనీసం పేరులో సగమైనా ఆ నోట వినాలి.

"బురుల్, రుచి చూసి చెప్పవే. పాకం ఎలా ఉంది?"

బురుల్ గరిటె అంచు నాకింది. "తేనెటీగలు తోవ తప్పి మనింటికే వచ్చేలా ఉందత్తా."

"అదేం జవాబే! పుల్లగా ఉందా?"

"లేదత్తా."

"చేదుగా ఉందా?"

"అయ్యో, చేదెందుకుంటుంది!"

"మరెలా ఉన్నట్టు?"

"పెదాలు అతుక్కునేలా ఉంది." కోడలు నవ్వింది. "నన్ను పట్టేద్దామనే కదూ? మీ ఎత్తులు నాకు తెలీవా? ఈ ఇంట్లో పండిపోయిన నక్కను నేను."

"నక్కవి కాదే, రాయివి."

ఆ మాట అన్న తీరులో నవ్వు లేదు. బురుల్ గరిటె పక్కన పెట్టి అత్త మొహంలోకి చూసింది. ముసలమ్మకు ఇక దాచుకోవడం చేతకాలేదు.

"నన్ను పేరు పెట్టి పిలవవే ఒక్కసారి."

"అత్తా! నా నోరు పడిపోదూ!"

"పడిపోదు. ఊల్కన్ పోయింది కదే. ఇంకెవరున్నారు నాకు? నేను పోయాక సమాధి రాతిమీద చెక్కుతారు ఆ పేరు. చెక్కితే నాకు వినబడుతుందా? చెవులున్నప్పుడే వినాలనుందే తల్లీ."

బురుల్ పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. మూకుడులో పాకం బుడగలు వేస్తోంది.

"మొదటి వేసవి గుర్తుందా మీకు?" అంది మెల్లగా.

గుర్తు లేకేం! ఇంటినిండా చుట్టాలు. కొత్త కోడలు పళ్ళెం తెచ్చి పెడుతూ, ఆశ ఆపుకోలేక ఒక పండు నోట్లో వేసుకుని, ‘అబ్బ, ఎంత తత్తూగా ఉందో!’ అనేసింది. చుట్టాలు మాటలు ఆపేశారు. పరువు పోయిందనుకుంది తత్తీబుబు. ‘ఏ తల్లి పెంచిందే ఈ నోరు? ఫో, కాలవలో కడుక్కుని రా’ అంది అందరి ముందూ. పిల్ల నిజంగానే వెళ్ళి కడుక్కుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు.

"కోపంతో అంటున్నది కాదత్తా," అంది బురుల్. "అప్పుడే కడిగేసుకున్నాను. అందామన్నా ఆ మాట ఇప్పుడు నా దగ్గర లేదు. నోరు తిరగదు."

ముసలమ్మ తల ఊపింది. ఏమని బతిమాలుతుంది? తాను వేసిన తాళమే, తాళంచెవి కూడా తానే కాలవలో పారేసింది. ఆ పూట అన్నం సయించలేదు. జాడీల్లోకి పాకం ఎత్తుతూ ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు. ఆ తర్వాతి రోజులూ అలాగే గడిచాయి. ఊల్కన్ ఇంటి గోడ వైపు చూడలేక తత్తీబుబు తన కుర్చీని సరస్సు వైపు తిప్పుకుంది. అటు చూసినా ఊరట లేదు. నీళ్ళు చూస్తే అమ్మే గుర్తొచ్చింది, తోట చివర నిలబడి కేకేసే అమ్మ.

ఒక తెల్లవారుజామున ఆమెకు ముందే మెలకువ వచ్చింది. కిటికీ తెరిచే ఉంది. పశువుల పాకలో చెంబులో పాలధార పడుతున్న చప్పుడు. దాని వెంట ఇంకేదో సన్నని గొంతు. ఆవుతో మాట్లాడుతోందేమో అనుకుంది.

"త... తత్... తత్తూ."

ధార ఆగింది. మళ్ళీ మొదలైంది.

"తత్తీ... తత్తీబు..." దగ్గు. "ఛీ, పాడు నోరు! కదలకే నువ్వు! తత్తీబు..."

ముసలమ్మ ఊపిరి బిగబట్టింది. చిన్నపిల్ల మొదటిసారి మాటలు నేర్చుకుంటున్నట్టు ఉంది ఆ గొంతు. ఇవాళే మొదలు కాదు కాబోలు. కోడలు ఈమధ్య పాలు పితికి రావడానికి ఎందుకు ఆలస్యం చేస్తోందో ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. కదిలితే మంచం కిర్రుమంటుందని, ఆ చప్పుడుకు ఆ గొంతు ఆగిపోతుందని భయం.

పాలధార పూర్తిగా ఆగిపోయింది. చెంబు నేలమీద పెట్టిన చప్పుడు. అడుగులు వాకిట్లోకి వచ్చి, కిటికీకి కాస్త ఎడంగా, ఖుబానీ చెట్టు కింద ఆగాయి.

"తత్తీబుబూ!"

వణుకుతూ వచ్చింది కానీ, మాట చెడలేదు. తోట చివరిదాకా వినబడేంత గట్టిగా వచ్చింది.

మంచం కిర్రుమంది. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి, వయసు అన్నీ మర్చిపోయి ముసలమ్మ లేచి కూర్చుంది.

"లబ్బై!" అని పలికింది.